కొమ్ములు మొలవకుండా

నా కూతురి కూతురు కాలేజీ కబడ్డీ జట్టులో ఆడుతుంది. కూతకు వెళ్లడంలో దానికి పేరుంది. ఐరాలలో సెమీఫైనల్ శనివారం జరిగింది. నేనూ నా కూతురూ కోర్టు గీత పక్కనే కుర్చీలు వేసుకుని కూర్చున్నాం.

రెండో సగంలో మా పిల్ల కూతకు వెళ్లి వంగింది. పట్టుకోవడానికి అవతలి జట్టు పిల్ల కూడా వంగింది. రెండు తలలూ ఠంగుమన్నాయి. ఇద్దరూ కూలబడ్డారు. ఇంతలో నా కూతురు లేచి అరిచింది.

"ఇంకోసారి తగిలించుకోండే! లేకుంటే కొమ్ములొస్తాయి!"

బ్యాంకులో ఆఫీసరు అది. ఆ ఇద్దరూ బుద్ధిగా లేచి, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని మళ్లీ ఢీకొట్టుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు. మొదటిదానికంటే ఇదే గట్టిగా తగిలింది. ఆ తలతోనే మా పిల్ల చివరిదాకా ఆడింది.

చిత్తూరు బస్సెక్కాక నా వైపు తిరిగి, "అవ్వా, మనం గెలిసినామా?" అంది.

"గెలిసినాం."

కాణిపాకం దాటాక మళ్లీ అడిగింది. "అవ్వా, గెలిసినామా?"

"ఎన్నిసార్లు గెలవమంటావే?" అన్నానే గానీ దాని తల తడిమి చూశాను. బస్టాండు నుంచి నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం.

"ఎన్ని దెబ్బలు తగిలాయమ్మా?" అన్నాడాయన.

"ఆటలో ఒకటి, ఆచారంలో ఒకటి," అన్నాను నేను.

సంగతంతా చెప్పాక నవ్వు ఆపుకోలేకపోయాడు. నా కూతురు గోడమీది క్యాలెండరును శ్రద్ధగా చదువుతూ నిలబడింది. తర్వాత ఆయన నవ్వు మానేసి చెప్పాడు. లోపల మెదడు అదిరింది. అది సర్దుకోకముందే ఇంకో దెబ్బ తగిలితే ప్రమాదం. ఏళ్ల తరబడి ఇలాంటివి పోగుపడినా మెదడుకు చేటే. నొప్పీ మరపూ పూర్తిగా తగ్గి, తాను చూసి సరేనన్నాకే ఆట.

ఫైనల్ మర్నాడే. పొద్దున్నే పీఈటీ సారు ఇంటికొచ్చాడు. పిల్ల అప్పటికే బూట్లు వేసుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"ఒక్క కూత చాలమ్మా. పాప లేకుంటే ఓడిపోతాం."

"ఓడిపోండి నాయనా."

"కప్పు పోతాదమ్మా!"

"నేను కొనిస్తా. సైజు చెప్పు."

"అవ్వా, నాకేం కాలేదు. నీకు ఆట గురించి ఏం తెలుసు?" అని పిల్ల ఏడుపు మొదలుపెట్టింది.

"సరే. నిన్న ఎన్ని పాయింట్ల తేడాతో గెలిసినామో చెప్పు. చెప్తే పోదువుగాని."

అది వేళ్లు మడిచి లెక్కపెట్టబోయి మధ్యలో ఆగింది. సారు పెదవులతో చెప్పబోతే కళ్లెర్రజేశాను. చివరికి పిల్ల మెట్టు మీద కూర్చుని, తనే ఒక్కో బూటూ విప్పుకుంది.

 సారు నేనిచ్చిన కాఫీ తాగి, వేరే పిల్లను వెతుక్కోవడానికి వెళ్లాడు.