డిస్కు చెక్కాలా, మార్చాలా?

కొత్తకోట దగ్గర హైవే మీద బ్రేకు తొక్కితే మా కారు స్టీరింగు చలిజ్వరం వచ్చినదానిలా వణికింది. నా పళ్లు టకటకలాడాయి. పక్క లారీ డ్రైవరు పళ్లు కూడా ఆడాయనే నా నమ్మకం. తెల్లారితే మా ఆవిడనూ అత్తమ్మనూ ఎక్కించుకుని శ్రీశైలం ఘాటు దిగాలి. ఈ వణుకుతో దిగితే గుడికి కాదు, నేరుగా దేవుడి దగ్గరికే పోతాం.

రోడ్డు పక్క షెడ్డులో మెకానిక్ ముందు చక్రాలు విప్పి డిస్కులు చూపించాడు. బ్రేకు తొక్కినప్పుడు ప్యాడ్లు అదిమి పట్టేది ఈ ఇనుప పళ్లేలనే. వాటి మీద పడ్డ చాళ్లలో పల్లికాయ విత్తితే పుట్లకు పుట్లు పండేది.

"లేత్ మిషిన్ మీద జర చెక్కిస్త సార్. నున్నగైతది, వణుకు పోతది."

"లేత్ ఎవలది?"

"మా బామ్మర్దిదే సార్."

నా అనుమానం అక్కడే లేచి కూర్చుంది. ఎదురుగా ఉన్న విడిభాగాల దుకాణం ఆయనను పిలిచాను. ఆయన వంగి చూడను కూడా లేదు.

"చెక్కుడు గిక్కుడు వద్దు సార్. కొత్తయి ఎయ్యాలె."

కొత్తవి అమ్మేది ఆయనే మరి. చెక్కుదామనే వాడికి చెక్కే బామ్మర్ది ఉన్నాడు, మార్చాలనే వాడికి అమ్మే దుకాణం ఉంది. పైగా ఇద్దరూ ఒక్క మాటైనా తిట్టుకోలేదు. పొద్దుగూకాక నా పేరు చెప్పుకుని కలిసి చాయ్ తాగుతారేమోనని ఇంకో అనుమానం.

ఎటూ తేలక ఇంటికి ఫోన్ చేస్తే అత్తమ్మ ఎత్తింది. లారీల మోతలో గొంతు చించుకుని చెప్పాను.

"అత్తమ్మా, డిస్కు అరిగిందట. ఒకాయన చెక్కుదమంటుండు, ఒకాయన మార్చాలంటుండు."

అత్తమ్మకు తెలిసిన డిస్కు ఒక్కటే. పాలమూరు దవాఖానలో ఆమె నడుము చూసి డిస్కు అరిగిందని చెప్పిన నాటి నుంచి, ఆ విద్యలో వాళ్ల ఊరికి ఆమే పెద్ద డాక్టరు.

"అయ్యో బిడ్డా, అరిగినదాన్ని మళ్ల చెక్కుడేంది? చెక్కినంక మిగిలేదెంత?"

అదే మాట మెకానిక్‌ను అడిగాను. అతను మందం కొలిచే పనిముట్టు పెట్టి చూశాడు. డిస్కు అంచున అచ్చేసిన అంకె చూశాడు. అంతకన్నా పలచబడితే వాడొద్దని కంపెనీ గీసిన హద్దు అది. మెడ గోక్కున్నాడు.

"మందం ఇప్పుడైతే బానే ఉంది సార్. చెక్కితే హద్దు దాటుతది."

"గీ మాట ముందే చెప్పొద్దా?"

"మీరు అడగలే గద సార్."

కొత్తవే వేయించాను. పాతవాటినే తుడిచి మళ్లీ బిగిస్తాడేమోనని స్టూలు మీద కూర్చుని రెప్ప వేయకుండా కాపలా కాశాను. పాత సామాను చేతికొస్తేనే కొత్తది పడ్డట్టు లెక్క. అందుకే ఆ పాత డిస్కులను గోనెసంచిలో కట్టించి డిక్కీలో వేసుకున్నాను.

మర్నాడు పొద్దున అత్తమ్మ నా సీటుకు మెత్త పెట్టింది. ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి నన్ను అనుమానంగా చూసింది.

"నిన్న డిస్కు మార్పిచ్చుకొని ఇయ్యాల కారు తోలుతుండు" అని మా ఆవిడ చెవిలో అంది.

మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది తప్ప సంగతి విప్పలేదు. నేనూ విప్పలేదు. పెళ్లయ్యాక ఆ ఇంట్లో నాకు అంత మర్యాద దొరకడం అదే మొదలు.

దోమలపెంట దాటి ఘాటు దిగుతూ మలుపు మలుపుకూ బ్రేకు తొక్కాను. స్టీరింగు నిద్రపోతున్న పిల్లలా కదలకుండా ఉంది.

"మెల్లగ తొక్కు బిడ్డా, కొత్త డిస్కు" అంది అత్తమ్మ వెనక నుంచి. ఇంకో మలుపు తిరిగాక, "మరి పాతది ఏం జేసిండ్రు?" అంది.

"వాళ్ల మీద నమ్మకం లేక నేనే తెచ్చుకున్న అత్తమ్మా. నీ ఎనక డిక్కీల ఉంది, సంచిల."

గుడి వచ్చేదాకా అత్తమ్మ సీటుకు వీపు ఆనించలేదు.