తెల్లచుక్క పురుగులు

మొన్న వేలూరు బాగాయంలో మా మేడ మీద కరివేపాకు కుండీలో పురుగు కనబడితే మనవరాలు చెప్పు ఎత్తింది. దాని మెడ దగ్గర బియ్యపు నూకంత తెల్లచుక్క చూసి నేను చప్పున ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. ఎందుకు ఆపానో చెప్పబోయేలోగా ఫోను మోగి వెళ్లిపోయింది కాబట్టి, నా ఈడువాళ్లు కదా, మీకైనా చెప్పుకుంటాను.

ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన రోజులవి. చిత్తూరు అటు, మనం ఇటు మద్రాసు వైపు అని ఊళ్లో పెద్దలు వాదులాడుకుంటుంటే, మా నాయనకు మాత్రం గుడియాత్తం దగ్గరి మా వేరుశనగ చేను తప్ప వేరే రాష్ట్రం లేదు. అంతకు ముందటేడు ఎర్ర గొంగళిపురుగు దండు దిగి ఆకన్నది మిగల్చలేదు. ఈసారీ పంట పోతే నన్ను బడి మాన్పించి బీడీలు చుట్టడానికి కూర్చోబెట్టాలని ఇంట్లో తీర్మానమైపోయింది. నాకేమో బడంటే ప్రాణం.

తొలకరి తర్వాత మళ్లీ పురుగు దిగింది. ఇంటిల్లిపాదీ చట్టీలు పట్టుకుని ఏరి తొక్కి చంపుతున్నాం. వేలూరిలో వ్యవసాయ శాఖలో చిన్న ఉద్యోగం చేసే మా మేనమామ అప్పుడే వచ్చి, ఒంటిమీద తెల్లచుక్క ఉన్నవాటిని చంపవద్దన్నాడు. ఆ చుక్క ఒక జాతి ఈగ పెట్టిన గుడ్డట, అందులోని పిల్ల పురుగు లోపలికి దూరి దాన్ని తినేసి, ఈగై బయటికొచ్చి మరిన్ని పురుగుల పని పడుతుందట. నాయనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పంట తినే పురుగును సాకమంటావేమప్పా, నీకేమన్నా పిచ్చి పట్టుండాదా?" అన్నాడు.

నాకు మాత్రం చూడాలనిపించింది. భయమూ లేకపోలేదు, మామ మాట తప్పైతే నా చదువును నేనే పురుగుల పాలు చేసినట్టు. అయినా చుక్కల పురుగులను ఏరి, మట్టి పోసిన పాత కుండలో వేసి, పైన లుంగీ గుడ్డ కట్టి పెరట్లో దాచాను. బడి నుంచి రాగానే ఇంత ఆకు వేసి తొంగిచూడటమే పని. వారానికి పురుగులు వాలిపోయాయి, మట్టిలో గింజల్లాంటి గోధుమరంగు ఈగ గూళ్లు తేలాయి. ఎలుక పెంటికలనుకుని మా అవ్వ కుండను దిబ్బలో కుమ్మరించేసింది! నేను వెక్కుతూ జల్లెడ తెచ్చి దిబ్బ జల్లిస్తుంటే, "పెంటికలకు ఏడ్చే బిడ్డను యాడా చూళ్లేదే తల్లీ" అని బుగ్గలు నొక్కుకుని, చివరికి తనే పక్కన కూర్చుని ఏరి మళ్లీ కుండలో వేసింది.

ఇంకో పది రోజులకు గుడ్డ కింద రొద మొదలైంది. ఇంటి ఈగకన్నా లావు, బూడిదరంగు, ఒళ్లంతా ముళ్లలాంటి వెంట్రుకలు. నాయనను పిలిచాను. ఆయన చాలాసేపు వంగి చూసి, కుండను చంకకెత్తుకుని చేను నడుమకు పోయి తానే గుడ్డ విప్పాడు.

ఆ ఏడు ముప్పాతిక పంట దక్కింది. ఈగల వల్లనా, మేము ఏరినందువల్లనా, వాన కలిసొచ్చినందువల్లనా, ఎవరు చెప్పగలరు? నాయన మాత్రం ఆ తర్వాత ఏ ఏడు పురుగులేరినా చుక్క ఉన్నవాటిని వేరే కుండలో వేసేవాడు, బీడీల ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ చేలో మా తమ్ముడి కొడుకు మందు కొడతాడు. పూటలో పురుగూ చస్తుంది, ఈగా చస్తుంది, వంగి చుక్క చూసే పని ఎవరికీ లేదు. అతన్ని తప్పుపట్టలేను. ఆ ఏడు నిలిచిన చదువుతోనే నేను టీచరునై ముప్పై ఏళ్లు పిల్లలకు ఎక్కాలు చెప్పాను, పద్యాలు చెప్పాను; నన్ను బడిలో నిలబెట్టిన ఈగ గురించి ఒక్కరోజూ చెప్పలేదు.