పురుగుకి పెట్టిన చుక్క

పెరట్లో ఆ బర్చ్ చెట్టు నాటింది మా ఆయన. మా పాప ఎనిమిదో నెలలో కడుపులోనే పోయింది. పేరు పెట్టే వరకైనా ఉండలేదు. అంత చిన్నపిల్లలకి కర్మకాండలుండవట, పూడ్చిపెట్టి రావడమే. చేతులు కట్టుకుని కూర్చోలేక, ఆయన ఐర్లాండ్‌లో మేముండే ఈ ములింగార్ ఊరంతా తిరిగి మనిషెత్తు చెట్టొకటి తెచ్చి పాతారు. అప్పటికే దాని బెరడు తెల్లగా ఉంది. సిగ్గెందుకు, నేను దానితో మాట్లాడేదాన్ని కూడా.

ఈ మే నెలలో ఆకులు పాడయ్యాయి. అంచు నుంచి మొదలై సగం ఆకు గోధుమరంగు పొక్కులా ఉబ్బింది. వెలుతురుకి పెట్టి చూస్తే పైపొర, కిందిపొర తప్ప మధ్యలో ఏమీ మిగల్లేదు. సేమ్యా ముక్కల్లాంటి నల్లటి రెట్ట, దాని పక్కన తెల్లటి పురుగు. ఒళ్ళు జలదరించింది. అమ్మకి ఫోన్ చేస్తే, "పురుగు పట్టిన చెట్టు ఇంట్లో ఎందుకే, కొట్టించెయ్" అంది. ఆ చెట్టు ఎవరి కోసమో తెలిసే అంది. ఫోన్ పెట్టేశాను.

పక్కింటి పెద్దాయన రిటైరయ్యాక సీతాకోకల్లాంటి చిమ్మటల వెంట తిరుగుతుంటాడు. ఆయన్ని పిలిచాను. ఆకు చూడగానే మొహం వెలిగిపోయింది.

"కంగారు పడకండి, చెట్టుకేం కాదు, గ్రాండ్‌గా ఉంటుంది. తల్లి చిమ్మట లేతాకులో గుడ్డు పెడుతుంది. పిల్ల ఆకు లోపలే తిని పెరిగి, నేలలోకి దిగిపోతుంది. వచ్చే వసంతానికి రెక్కలతో లేస్తుంది."

"గులాబీలకీ పడుతుందా?"

"పట్టదు. దీనికి బర్చే తిండి. చస్తుందే గాని వేరే ఆకు ముట్టదు. మీరు ఇది నాటకపోతే మీ గడప తొక్కేదే కాదు."

ఎంత మాట! నా బిడ్డ కోసం నాటిన చెట్టుని పరాయి పిల్లలు తిని, నేలలోకి దిగి, మళ్ళీ లేస్తాయట. మాదీ నేలలోనే ఉంది.

ఆయన ఫోన్లో ఐర్లాండ్ మ్యాపు తెరిచాడు. "ఈ రకాన్ని మన చుట్టుపక్కల ఎవరూ చూసినట్టు లేదు. ఏ ఊరు, ఏ చెట్టు, ఎవరు చూశారు అని ఈ పురుగుల లెక్క రాసేవాళ్ళకి పంపితే ఇక్కడో డాట్ పెడతారు. చూసినవాళ్ళుగా మీ పేరు వేయనా?"

ఆయన డాట్ అన్నాడు, నాకు చుక్క అని వినబడింది. మా కిచెన్ ప్రెస్‌లో, అదే వంటింటి అలమరలో, టీ డబ్బా వెనకాల కాటుక భరిణె ఉంది. అమ్మ ఆముదం దీపం మీద పట్టి, ఇటు చదువుకోడానికి వస్తున్న ఒకమ్మాయి చేత ముందుగానే పంపింది. పుట్టకముందే ఎందుకమ్మా అని విసుక్కుంటే, "దిష్టిచుక్కకి అక్కడ కాటుకెవరిస్తారే నీకు" అంది.

"నా పేరొద్దు. మీదే వేసుకోండి" అని అరిచినట్టే అన్నాను.

మా ఆయన బయటికొచ్చి, "పోనీవే, చెట్టు చావదంటున్నాడుగా" అన్నారు.

"అవును, చావనిది అదొక్కటే" అన్నాను. పెద్దాయన సారీ చెప్పి వెళ్ళిపోయాడు. పాపం, ఆయనకేం తెలుసు.

నా పిల్లకి పెట్టని చుక్క పురుగుకి పెడుతున్నారు. లోపలికెళ్ళి భరిణె తీశాను. కాటుక గట్టిపడిపోయింది. వేలితో గీకి, మొదటి కొమ్మ కింద, బుగ్గ ఉంటే ఉండేచోట, చుక్క పెట్టాను.

మర్నాడు వెళ్ళి చూశాను. ఆ తెల్ల బెరడు నిండా పుట్టుకతో వచ్చిన నల్లమచ్చలే. నా చుక్క ఏదో నాకే తెలియలేదు.