నాలుగో నంబరు గది గోపాలకృష్ణగారు

భీమడోలు స్టేషన్ ఎదురుగా మంగాయమ్మగారి హోటల్లో కింద టిఫిన్లు, పైన ఆరు గదులు. నాలుగో నంబరు గదిలో దయ్యం ఉందని ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. అయినా ఎవరూ పెద్దగా జడిసేవారు కాదు. ఎంతైనా గోదావరి వైపు దయ్యం, మర్యాద తప్పేది కాదు.

దయ్యం పేరు గోపాలకృష్ణగారు. బతికున్న రోజుల్లో ఏలూరు తివాచీలకు పువ్వుల నమూనాలు గీసేవారు. రైలు తప్పిపోయినప్పుడల్లా ఆ గదిలోనే దిగేవారు. పదకొండేళ్ళ కిందట ఓ మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని, ఆ నిద్రలోనే పోయారు. వెనకాముందూ ఎవరూ లేరు.

వంటమనిషి శేషారత్నం ఆయన పోయిన చాలా ఏళ్ళకు పనిలో చేరింది. నలభై ఏడేళ్ళ మనిషి. గుండుగొలనులో ఆమె కాపురం మూడేళ్ళు కూడా నిలవలేదు. కొత్తింట్లో అడుగుపెట్టిన రోజు పాలు పొంగించుకోవాలని ఆశపడితే, పొయ్యి వెలిగించేలోపే మొగుడు పేకాటకు పోయాడు. ఆ తర్వాత మరొకరింటికి పోయాడు. ఆమె కూడా ఆ ముచ్చట అంతటితో మర్చిపోయింది.

చేరిన వారానికి, మధ్యాహ్నం మూడింటికి, టీ కోసం పాలు పెట్టి కూర్చున్నచోటే కునుకు తీసింది. వెనక నుంచి మెత్తగా ఓ గొంతు వినిపించింది.

“పాలు పొంగుతున్నాయండీ.”

గబుక్కున లేచి మంట తగ్గించింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. భయపడాల్సింది పోయి, తనను ఇంత మర్యాదగా పిలిచినదెవరా అని ఆలోచిస్తూ నిలబడింది. మొగుడి నోట ఆమె విన్నది ‘ఒసేయ్’ ఒక్కటే.

పెనం మీద మొదటి అట్టు ఎప్పుడూ సరిగా రాదు. దాన్ని అమ్మరు, కాకికి వేస్తారు. శేషారత్నం ఆ అట్టును ఆకులో పెట్టి నాలుగో నంబరు గది కిటికీలో ఉంచడం మొదలుపెట్టింది. రెండో నెల వచ్చేసరికి ఆ హోటల్లో మొదటి అట్టంత బాగా మరే అట్టూ రావడం లేదు. దానికి నెయ్యి, జీలకర్ర, పైన సన్నగా తరిగిన అల్లం. మధ్యాహ్నాలు ఉల్లిపాయలు ఒలుస్తూ ఆమె మాట్లాడేది, ఆయన తాను గీయలేకపోయిన కొల్లేటి కొంగల తివాచీ గురించి చెప్పేవారు. ప్రేమ అన్న మాట ఆమె మనసులో కూడా అనుకోలేదు. మూడు కొట్టేలోపు మాత్రం తల దువ్వుకునేది. ప్రేమ కాకపోతే మరేమిటండీ అది?

రోజూ అందరికన్నా ముందొచ్చే జగ్గారావు, రిటైరైన రైల్వే గేట్‌మాన్, ఊరుకునే రకం కాదు. “మా అట్లకి లేని నెయ్యి పైకెళ్ళే అట్టుకేంటండీ రత్నమ్మగారూ?” అనేవాడు. ఆమె పిండి గరిటెతో మొహం దాచుకున్నంత పనిచేసేది.

అలా సాగిపోతుండగా, కొల్లేటి పక్షుల్ని చూడ్డానికి హైదరాబాదు నుంచి ఓ జంట వచ్చి నాలుగో నంబరులో దిగారు. కిటికీ వేసుకోండి, మంచు పడుతుందండీ అని గోపాలకృష్ణగారు వాళ్ళ మంచికే చెప్పారు. వాళ్ళు చెప్పులు కూడా వదిలేసి పరుగెత్తారు. ఆ కథంతా ఫోన్లో రాసిపారేశారు. దాంతో గదులు ఖాళీ అయ్యాయి. మంగాయమ్మగారు చేసేది లేక కైకలూరు వైపు నుంచి దయ్యాల్ని వదిలించే ఓ పెద్దాయన్ను పిలిపించింది.

మనిషి పట్టుకుని ఉంటేనే గాని దయ్యం నిలవదన్నాడు ఆయన. హోటల్లో మసిలేవాళ్ళంతా గుప్పెట్లో నువ్వులు పట్టుకుని, గుమ్మంలో నిలబడి, వదులుకుంటున్నట్టు చెప్పి బయటికి చల్లాలన్నాడు.

“పట్టుకున్నదెవరో నెయ్యినడగండి,” అన్నాడు జగ్గారావు. అందరూ నవ్వారు. అందరూ శేషారత్నం వైపు చూశారు.

మొగుడొదిలేసిన ఆడది, ఈ వయసులో, చచ్చిపోయిన మనిషితో! ఆ చూపులకు ఆమె ప్రాణం చచ్చిపోయింది. వంతు రాగానే గుమ్మంలోకి వెళ్ళి, అందరికన్నా గట్టిగా అంది.

“నీకిక్కడ ఎవరూ లేరు. పో.”

ఏనాడూ ‘మీరు’ తప్ప అనని మనిషిని ‘నువ్వు’ అంది. పొమ్మంది. అప్పుడు ఆమె ఒక్కదానికే వినబడేంత మెల్లగా, చెవి పక్కన, ఆయన “అలాగేనండీ” అన్నారు.

గదులు మళ్ళీ నిండాయి. శేషారత్నానికి మాత్రం అన్నం సయించలేదు. నలుగురూ నవ్వుతారన్న సిగ్గు ఒక్క పూటలో పోయింది. తన నోటితో తానన్న మాటకు పడ్డ సిగ్గు మాత్రం పోలేదు. పాత్రలు తోముతుంటే గుర్తొచ్చేది, పడుకుంటే గుర్తొచ్చేది. తిట్టినా బాగుండేది, అలాగేనండీ అన్నారే అని కుమిలిపోయేది. రోజూ మధ్యాహ్నం పాలు పొంగి స్టవ్ మీద పోయేవి. చెప్పేవాళ్ళు లేరు.

నలభై రోజులు ఓర్చుకుంది. ఓ ఆదివారం, టిఫిన్లకు జనం కిటకిటలాడుతున్న వేళ, పెనం వదిలేసి గుప్పెడు నువ్వులు తీసుకుని గుమ్మం బయటికి వెళ్ళి నిలబడింది. ఈసారి లోపలికి చల్లింది.

“ఆ రోజు అబద్ధం చెప్పానండీ,” అంది. “వీళ్ళంతా చూస్తున్నారని సిగ్గుపడ్డాను. తప్పు నాది. మీకిక్కడ నేనున్నాను.”

ఎవరూ నవ్వలేదు. జగ్గారావు చట్నీలోకి తల దించుకున్నాడు. మంగాయమ్మగారు కాసేపు ఆమెను చూసి, నువ్వులు తొక్కకండని జనానికి చెప్పింది. ఆ సాయంత్రమే నాలుగో నంబరు తాళంచెవి తెచ్చి వంటింటి మేకుకు తగిలించింది. ఇక ఆ గది ఎవరికీ ఇవ్వనంది.

ఆ రోజు జవాబు రాలేదు. మర్నాడూ రాలేదు. అట్టు మాత్రం కిటికీలో పెట్టింది. మూడో రోజు మధ్యాహ్నం పాలు పెట్టి, కళ్ళు తెరుచుకునే కూర్చుంది. పాలు మీగడ కట్టి, అంచు దాకా లేచాయి.

“పాలు పొంగుతున్నాయండీ.” గొంతులో కొంచెం బెరుకు.

శేషారత్నం చెయ్యి స్టవ్ దాకా వెళ్ళి ఆగింది.

“తెలుసండీ,” అంది. “పొంగనివ్వండి.”