తిరుగు లోడు అత్తయ్య

మా మేనత్త ఖాళీ చేతులను చూసి ఓర్చుకోలేదు. పాములంటే హడలిపోయేవాళ్ళుంటారు, ఉరుములంటే దుప్పటి ముసుగు పెట్టేవాళ్ళుంటారు. మా అత్తయ్యకు మాత్రం ఏమీ పట్టుకోకుండా ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడిచే మనిషి కనబడితే ఒళ్ళు మండిపోతుంది. ఖాళీగా పోయే లారీ కనబడితే ఆ పూట అన్నం సహించదు. ముప్పై ఏళ్ళుగా ఆవిడ ఒక పెద్ద గోదాములో సరుకు రవాణా చూస్తోంది. సరుకు దింపిన లారీ వెనక్కి వచ్చేటప్పుడు తెచ్చే సరుకును అక్కడ తిరుగు లోడు అంటారు. గోదాములో ఆవిడ పేరు కూడా అదే, తిరుగు లోడు మేడమ్.

ఇంట్లో ఎవరైనా కుర్చీలోంచి లేవడమే ఆలస్యం.

"ఎక్కడికి?"

"మంచినీళ్ళు తాగుదామని."

"వంటింట్లోకేగా! ఈ గ్లాసులు పట్టుకెళ్ళు. వచ్చేటప్పుడు నిచ్చెన తీసుకురా, బల్బు మార్చాలి."

మా మామయ్య లెక్కల మాస్టారు, నెమ్మదైన మనిషి. నిచ్చెన భయంతో ఆయన దాహాన్నే జయించాడు. యోగులు ఏళ్ళ తరబడి తపస్సు చేసి సాధించేదాన్ని ఆయన వరండాలో పేపరు చదువుతూ సాధించేశాడు. ఇక చుట్టాలు వెళ్ళొస్తామని లేస్తే, అత్తయ్య "అప్పుడేనా?" అనదు. "ఏ దారిన?" అంటుంది. ఆ దారిలో ఇస్త్రీకి వెళ్ళాల్సిన మూటో, ఎవరికో తిరిగి ఇవ్వాల్సిన కుట్టుమిషనో ఉండనే ఉంటుంది.

ఒకసారి ఆవిడకు పిత్తాశయంలో రాళ్ళు తీయించాల్సి వచ్చింది. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి ఆపరేషన్ గదికి తోసుకెళ్తున్నారు. పక్కనే ఒక నర్సు దుప్పట్ల దొంతర మోసుకుంటూ నడుస్తోంది.

"అవి కూడా అటేనా అమ్మా?"

"అవునండీ."

"మరి చేతులెందుకు నొప్పి పుట్టించుకుంటావు? నా కాళ్ళ దగ్గర పెట్టు. బోలెడు చోటుంది."

తర్వాత సెలైన్ పెట్టె ఎక్కింది. ఆ తర్వాత ఫైళ్ళ కట్ట. గుమ్మం దగ్గర డాక్టరు స్ట్రెచర్ని చూసి, "స్టోర్ రూము సామాను ఇక్కడికెందుకు తెచ్చారు? పేషెంటేది?" అని విసుక్కున్నాడట. దుప్పట్ల అడుగు నుంచి "ఇక్కడున్నానండీ" అని వినబడిందట.

అలాంటి మనిషి దగ్గరికి నన్ను ఉద్యోగం నేర్చుకోమని పంపించారు. నేను సరుకు రవాణాలో డిగ్రీ చేశాను. మా నాన్నకు అదేం చదువో చివరిదాకా అర్థం కాలేదు. "మా అక్క చేసే పనేగా, దాని దగ్గరికే పో" అన్నాడు. మొదటి రోజు కొత్త చీర కట్టుకుని, భుజాన హ్యాండ్‌బ్యాగు వేసుకుని గోదాములోకి అడుగు పెట్టాను. కప్పు అందనంత ఎత్తున ఇనుప అరలు, అట్టపెట్టెల వాసన, టేపు చించే చప్పుడు, పెట్టెలెత్తుకుని వెనక్కి వస్తూ కూత పెట్టే ఫోర్క్‌లిఫ్ట్. వాటన్నిటి మధ్యా చెవిలో పెన్సిల్‌తో అత్తయ్య.

"బస్సు దిగి నడిచొచ్చావా?"

"అవునత్తయ్యా."

"బస్టాండు పక్కనే మన కొరియర్ ఆఫీసు. ఉత్త చేతులతో వచ్చావన్నమాట."

ఉద్యోగంలో నా మొదటి తప్పు అది. అప్పటికి నేనింకా సంతకమైనా పెట్టలేదు.

ఇంతలో బయట రోడ్డు మీద ఏదో లారీ పోయింది. అత్తయ్య తల కూడా తిప్పలేదు. "పశువుల దాణా బండి. ఖాళీగా పోతోంది" అంది. పరుగెత్తి చూశాను. దాణా బండే. ఖాళీగానే ఉంది.

"ఎలా తెలిసింది?"

"నిండు బండి మూలుగుతుంది. ఖాళీ బండి గొలుసులు మోగించుకుంటూ పోతుంది. చెవులున్నాయిగా, విను."

డిగ్రీలో మూడేళ్ళు నాకు ఎవరూ చెప్పని పాఠం అది. ఆ రోజు నుంచి ఆవిడ వెనకాలే నోరు తెరుచుకుని తిరిగాను. అది కూడా ఖాళీ చేతులతో కాదు.

అయితే ఆవిడంటే ఏమిటో నాకు నిజంగా తెలిసింది వంతెన పగిలిన రోజున. ఏటి మీద వంతెన స్తంభానికి పగులు కనబడిందని పొద్దున్నే పెద్ద లారీలన్నిటినీ ఆపేశారు. చిన్న బండ్లను మాత్రం వదులుతున్నారు. అవతలి ఒడ్డున కిడ్నీల ఆసుపత్రి ఉంది. వాళ్ళకు వెళ్ళాల్సిన డయాలసిస్ ద్రవం నూట ఎనభై పెట్టెలు మా లారీలో ఇవతలే ఉండిపోయాయి. మా చిన్న వ్యాన్లన్నీ అప్పటికే వేరే ఊళ్ళ దారి పట్టాయి. ఆసుపత్రి మేనేజరు ఫోన్‌లో దాదాపు ఏడుస్తున్నాడు. "మా దగ్గరున్నది మధ్యాహ్నం రెండు దాకానే సరిపోతుంది మేడమ్. ఆ తర్వాత ఇరవై ఆరుగురు మంచాల మీద ఎదురు చూస్తుంటారు."

మా మేనేజరు తల పట్టుకున్నాడు. అత్తయ్య చెవిలోంచి పెన్సిల్ తీసింది.

"టైమెంత?"

"తొమ్మిదీ పది" అన్నాను.

"స్కూలు వ్యాన్లు పిల్లల్ని దింపేసుంటాయి. అందులో నాలుగు అవతలి ఒడ్డుకి ఖాళీగా పోతాయి, షెడ్డు అక్కడే. ఆసుపత్రి మాసిన బట్టల్ని ఇవతలి లాండ్రీకి తెచ్చే బండి తొమ్మిదిన్నరకి సగం ఖాళీగా వెనక్కెళ్తుంది. బ్రెడ్డు వ్యాను పది లోపు. ఇంకా ముప్పై పెట్టెలు మిగులుతాయి..." ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "పొద్దున ఆసుపత్రి నుంచి ఇవతలి శ్మశానానికి ఎవరినైనా తెచ్చారేమో కనుక్కో."

"అత్తయ్యా!"

"పోయినాయన పని అయిపోయింది. బండి పని కాలేదు. కనుక్కో."

తెచ్చారట. పదకొండున్నరకల్లా నూట ఎనభై పెట్టెలూ ఏరు దాటాయి. ఆసుపత్రి మేనేజరు మళ్ళీ ఫోన్ చేసి, "ఆ శవాల బండి మా గేటు దగ్గరికి ఖాళీగా వచ్చి నిండుగా వెళ్ళడమే గానీ, నిండుగా రావడం చూడలేదు మేడమ్. వాచ్‌మన్ దణ్ణం పెట్టాడు" అన్నాడు. ఆ ఇరవై ఆరుగురికీ ఈ సంగతేదీ తెలియదు. అత్తయ్య పెన్సిల్ మళ్ళీ చెవిలో పెట్టుకుని, "ఆ బ్రెడ్డు వ్యాను అటు నుంచి ఏం తెస్తోంది?" అని అడిగింది. నేను ఆవిడ వైపు గుడిలో నిలబడి చూసినట్టు చూశాను.

అంతటి మనిషి తప్పు చేస్తుందనుకోలేదు. అందుకే తప్పు దొరికినప్పుడు నాకు పట్టరాని సంతోషమేసింది.

అది ఒక గురువారం. అత్తయ్య పన్ను పీకించుకోవడానికి వెళ్తూ ఆ రోజు పని నాకప్పగించింది. ఏ లారీ ఎటు పోవాలో రాసిన పట్టిక చూశాను. బుర్రమీసాల డ్రైవరు సామాను దించేశాక టైల్స్ ఫ్యాక్టరీ నుంచి సగం లోడు తేవాలి. సామాను దించే చోటికి దగ్గర్లోనే కాగితం మిల్లులో నిండు లోడు సిద్ధంగా ఉంది! పాత పట్టికలు తిరగేశాను. ప్రతి గురువారమూ అంతే, సగం లోడు టైల్స్. వెంటనే కొట్టేసి మిల్లు అని రాశాను. చెప్తే ఆయన కొట్టేసిన గీత వైపు ఒకసారి చూసి, "సరేనమ్మా" అని బండెక్కాడు. ముప్పై ఏళ్ళ అనుభవాన్ని ఓడించానని నాకు నేనే టీ తెప్పించుకున్నాను.

మధ్యాహ్నం ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఆవిడ వచ్చింది. "మీసాలాయనకి టైల్స్ తీసేశావంట?"

"సగం లోడు కోసం అంత దూరమెందుకక్కా?"

"ఆ ఫ్యాక్టరీ పక్కనే ఆయన కూతురి హాస్టలు. గురువారం సాయంత్రమే కలవనిస్తారు. తల్లి లేని పిల్ల. ఆరేళ్ళనుంచి టైల్స్ ఎక్కించే గంటసేపూ ఆయన అక్కడే."

తెప్పించుకున్న టీ గ్లాసును కనబడకుండా బల్ల కిందికి తోశాను. అత్తయ్యకు ఫోన్ చేశాను. ఆవిడ నోట్లో దూది.

"మీసాలాయన కూతురి సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"ఊఁ."

"ఇప్పుడేం చెయ్యను?"

"ఊఁ ఊఁ!"

ఆ మూడు ఊఁలలో ఒకటి తిట్టని మాత్రం అర్థమైంది. సామాను దించే షాపుకి ఫోన్ చేశాను.

"మా లారీ ఉందా?"

"ఇప్పుడే స్టార్ట్ చేస్తున్నాడమ్మా."

"ఆపండి! ఆపండి!"

"ఏం, సామాను తక్కువైందా?"

"సామాను కాదు, దారి తప్పింది. నేనే తప్పించాను. టైల్స్ ఫ్యాక్టరీకే వెళ్ళమనండి."

మరి మిల్లు సరుకు? కళ్ళు మూసుకున్నాను. గురువారాల్లో కోళ్ళఫారానికి దాణా దింపే బండి ఒకటి మిల్లు ముందు నుంచే ఖాళీగా వస్తుంది. ఎలా గుర్తొచ్చిందో తెలియదు, గొలుసుల చప్పుడు వినబడినట్టయింది. దాణా బండాయన ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత ఫోర్క్‌లిఫ్ట్ ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని పాత పట్టికలన్నీ మళ్ళీ చదివాను. నెలలు నిండిన భార్య ఉన్న డ్రైవరుకు ఆ నెలంతా అత్తవారి ఊరి మీదుగా తిరుగు లోడు. తండ్రి మంచాన పడ్డాయనకు ఆ ఇంటి వీధి చివరి రైసుమిల్లు నుంచి తవుడు బస్తాలు. వంకర దారులన్నీ ఎవరో ఒకరి గుమ్మం దాకా వెళ్ళి వస్తున్నాయి.

మర్నాడు పొద్దున అత్తయ్య వాచిన బుగ్గతో వచ్చింది. నిలదీశాను.

"ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు?"

"దాచడమేమిటే? అడిగావా?"

"పైవాళ్ళు పట్టుకుంటే?"

"ఏమని పట్టుకుంటారు? ముప్పై ఏళ్ళలో నా లారీ ఒక్కటి ఖాళీగా వచ్చిందేమో చూపించమను."

అప్పటికి గానీ నా బుర్ర వెలగలేదు. ఒక మనిషిని ఇంటి మీదుగా పంపాలంటే ఆ దారిలో ఏదో ఒక సరుకు దొరికి తీరాలి. ఆవిడ పిచ్చంతా ఆ సరుకు కోసమే.

ఇంతలో బుర్రమీసాలాయన లారీ వచ్చి ఆగింది. ముందు సగం టైల్స్. వెనక సగంలో విరిగిన కుర్చీలు, కాళ్ళు పైకి పెట్టుకుని, ఒక ముప్పై దాకా.

"ఇవెక్కడివి?" అంది అత్తయ్య.

"హాస్టలువండీ. వార్డెనమ్మ, సగం ఖాళీగానే పోతున్నావుగా, పట్నంలో బాగు చేయించుకురా అన్నారు."

అత్తయ్య కుర్చీల చుట్టూ ఒకసారి తిరిగింది. ఒక కుర్చీ కాలు ఊపి చూసింది.

"బాగయ్యాక గురువారాల్లో మళ్ళీ హాస్టలుకి చేర్చాలిగా?"

"చేర్చాలండీ."

"ఎన్నింటిని బాగు చేస్తాడు వడ్రంగి, వారానికి?"

మీసాలాయన వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. "నాలుగైదు చేస్తాడేమోనండీ."

"నాలుగే చెయ్యమను" అంది అత్తయ్య.