వడ్లకు పట్టా, ఒంటికి గొడుగు

మహారాష్ట్రలోని కల్సూబాయి శిఖరం ఎక్కదలచిన పాఠకులకు మొదటే ఒక మనవి: బయలుదేరే ముందు, తోడు వచ్చే మనిషి సంచి విప్పి చూడండి. నేను చూడలేదు.

బాన్సువాడ బస్టాండుకు మా బావ రాజన్న అరగంట ఆలస్యంగా వచ్చాడు. కల్లంలో ఆరబోసిన వడ్లను కుప్ప చేసి, టార్పాలిన్ పట్టా కప్పి, అంచులకు బరువుగా రాళ్లు పెట్టి వచ్చాడట. ఆకాశంలో మబ్బు తునక లేదు.

“అక్టోబర్ మబ్బును నమ్మరాదు బామ్మర్దీ,” అన్నాడు. ఆ వివేకానికి ముచ్చటపడ్డాను.

సాగనంప వచ్చిన అక్క నన్ను పక్కకు పిలిచింది. “పోయినేడు నిమోనియాతోని దవాఖానల పడ్డడు. యాదున్నది గద తమ్మీ? సలిల తడవనియ్యకు.”

నిజామాబాదులో సాయంత్రం ముంబయి రైలెక్కాము. రెయిన్‌కోటు, పాలిథిన్ కవరులో చుట్టిన ఉన్ని బట్టలు, ప్లాస్టిక్ షీటు, పల్లీపట్టీలతో నా సంచి ఉబ్బి ఉంది. ఎదుటి సీటు అవ్వ నవ్వింది.

“గింత మూట ఏంది బిడ్డా? కాపురం పెట్టవోతున్నవా?”

“అవ్వా, ఈయన డిగ్రీ సదివిండు. వానల తడవాలన్నా పుస్తకం సూసే తడుస్తడు,” అన్నాడు బావ. పెట్టె అంతా నవ్వింది.

ఉదయం నాసిక్‌లో దిగి, జీపులో కొండ కింది ఊరు చేరి, అటుకులు తిని తొమ్మిదిన్నరకు ఎక్కడం మొదలుపెట్టాము. అప్పుడు బయటపడింది బావ సరంజామా: జీన్స్ ప్యాంటు, దువ్వెన, మడత గొడుగు. సెల్‌ఫోనుకు మాత్రం రెండు పాలిథిన్ కవర్లు!

మధ్యాహ్నం, కొండబండకు బిగించిన మొదటి ఇనుప నిచ్చెన దగ్గర మబ్బు కమ్మింది. తొలి గాలికే గొడుగు తిరగబడి లోయలోకి ఎగిరిపోయింది. ఉరుము ఉరిమి వాన కుమ్మరించింది. తడిసిన జీన్స్‌లో బావ పళ్లు టకటకలాడుతున్నాయి. పట్టుదల మాత్రం తడవలేదు.

“శిఖరం గాడనే ఉన్నది. ఒక్క వీడియో తీస్కొని దిగుదాం.”

“మెరుపుల్లో ఇనుప నిచ్చెన ఎక్కుతావా? వెనక్కు మళ్లు బావా. నువ్వు మళ్లీ జబ్బు పడితే అక్కకు నేనేం జవాబు చెప్పాలె?”

ఆయన మాట తడబడుతుండడం గమనించి ఇక నేను వాదించలేదు. తడి చొక్కా విప్పించి, నా స్వెట్టరు, రెయిన్‌కోటు తొడిగాను. ప్లాస్టిక్ షీటు నేను చుట్టుకున్నాను. శిఖరాన్ని వదిలి, జారుతూ ఊళ్లోకి దిగి, పొయ్యి పక్కన కూర్చోబెడితే మూడో చాయ్ తాగాక గాని ఆయన వణుకు తగ్గలేదు.

మరునాడు తిరుగు ప్రయాణంలో, బాన్సువాడ దగ్గరి వర్ని ఊరు దాటుతుండగా బస్సు కిటికీలోంచి మబ్బు కనిపించింది. నేను మోసుకెళ్లిన స్వెట్టరు గుండీలు మెడదాకా పెట్టుకున్న మా బావ, గాభరాగా అక్కకు ఫోను కలిపాడు.

“మబ్బు పట్టింది! పట్టా అంచులకు ఇంకో రెండు రాళ్లు పెట్టు... నాకా? నాకేమైతది? ముందుగల వడ్లు సూడు!”