హెబ్రోను నాలుగు గిటార్లు

ఎలిశబెతు నోరు కోట మండలం మొత్తానికీ తెలుసు. ఆమె వచ్చి గంప ముందు నిలబడితే సంతలో చేపలమ్మే ఆడవాళ్ళు తక్కెడ రెండోసారి సరిచూసుకుంటారు. చదివింది మూడో తరగతి. ఆ పైన చదివిందంతా బైబిలే. అంతమాత్రం చదువుతోనే ఎవరి ముందూ తల వంచకుండా అరవై రెండేళ్ళు బతికింది. అలాంటి మనిషి ఒకే ఒక్క శనివారం నాడు, నిజం చెప్పాల్సిన చోట తియ్యగా అబద్ధమాడింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఆమె మొగుడు హెబ్రోను గురించి చెప్పాలి. అతని గురించి చెప్పాలంటే గిటార్ల గురించి చెప్పాలి. ఆ రెంటినీ విడదీయడం కట్టుకున్నదాని వల్లే కాలేదు, ఇంకొకరి వల్ల ఏమవుతుంది.

హెబ్రోను ఆమెకు మేనత్త కొడుకు. రొయ్యల గుంటల మీద మోటార్లు, జనరేటర్లు, నీళ్ళను చిలికే ఏరేటర్లు బాగుచేసే మెకానిక్కు. ముప్పై అయిదేళ్ళు ఆ రొదలోనే బతికాడు. వాళ్ళ ఇంటికి సముద్రం మూడు మైళ్ళు. ఉప్పుగాలికి తలుపు గొళ్ళేలు కూడా రెండేళ్ళకోసారి తుప్పుపట్టి పోయే చోటు. అక్కడ కూర్చుని ఇనపతీగల వాయిద్యాలు చేరదీసేవాణ్ణి ఏమనాలి? వానలో వడియాలు పెట్టేవాడనాలి.

గిటార్లు నాలుగు. నాలుగూ కరెంటువే, నాలుగూ జపానులో పుట్టినవే, వయసులో హెబ్రోనుకు అటూ ఇటూగా ఈడువే. మొదటిది గూడూరులో ఒక బ్యాండుమేళం మేస్త్రీ ఇంట్లో దొరికింది. దాని పెట్టెలో వాళ్ళు ఎండుమిరపకాయలు పోసుకున్నారు, ఇప్పటికీ మూత తీస్తే తుమ్ము వస్తుంది. రెండోది మద్రాసులో ఒక సినిమా వాద్యగాడిది. ఆయన పోయాక వాళ్ళ ఇంటి ఫ్రిజ్జు బాగుచేసినందుకు ఆ ఇల్లాలు ఇచ్చింది. మూడోది బుచ్చిరెడ్డిపాలెంలో రైసుమిల్లు అటక మీద పడి ఉన్నది. నాలుగోది కృష్ణపట్నం పోర్టులో ఓడ వంటవాడొకడు ఇచ్చిపోయినది. ఎర్రటి రంగు, ముత్యపుచిప్ప లాంటి తెల్లటి పలక, పెళ్ళికూతురి మాదిరి ఉంటుంది. హెబ్రోను వాటికి వేరే పేర్లు పెట్టలేదు. గూడూరుది, మద్రాసుది, బుచ్చిది, పోర్టుది. అత్తగారు కోడళ్ళను పుట్టింటి ఊరి పేర్లతో పిలిచినట్టు.

ప్రతి శనివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక నాలుగింటినీ మంచం మీద వరసగా పడుకోబెట్టేవాడు. శబ్దం పెంచే యాంపు ఒకటే, వైరు ఒకటే, కీర్తన ఒకటే. ఒక్కోదానితో ఒక్కోసారి వాయించి, ఏది ఎక్కడ గొంతు విప్పిందో, ఎక్కడ ముక్కుతో పాడిందో నోటుబుక్కులో రాసుకునేవాడు. ఒకనాడు గూడూరుదానికీ బుచ్చిదానికీ మెడ మరలు విప్పి పక్కపక్కన పెట్టి చూశాడు. పైన రెండు వేరే కంపెనీల పేర్లు. లోపల మరల బెజ్జాలు ఒకే కొలత, చెక్క మీద పెన్సిలు గీత ఒకే చేతిది. ఒకే కార్ఖానాలో తయారై, ఏ దుకాణం ఏ పేరు అడిగితే ఆ పేరుతో బయటికి వచ్చాయన్నమాట. ఒక తల్లి పిల్లలు రెండిళ్ళకు దత్తు పోయి, యాభై ఏళ్ళకు నా మంచం మీద కలుసుకున్నారు అని సాయంత్రం లోపల మూడుసార్లు చెప్పాడు. తండ్రి ఎవరో కూడా కనుక్కో, రేపు ఆస్తి తగాదా రాగలదు అన్నది ఎలిశబెతు.

ఆమె ఏనాడూ ఆ మంచం దగ్గర కూర్చున్నది లేదు. విన్నదంతా వంటింట్లోంచే. అయినా ముప్పై ఏళ్ళు వినీ వినీ, గోడ అవతల ఏది మోగుతోందో చూడకుండా చెప్పగలదు. మద్రాసుది గుడి గంట. గూడూరుది జలుబు చేసిన గొంతు. బుచ్చిది గుడ్డ కప్పిన కుండ. పోర్టుది ఒకప్పుడు బాగానే పాడేది గానీ, మూడు నెలలుగా దాని కడుపులో ఉప్పు చేరి, పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు చిటపటమంటోంది. ఇంత తెలుసని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎగతాళి చేసిన నోటితో మెచ్చుకుంటే పరువేం కావాలి.

హెబ్రోనుకు ఆ చిటపట తెలియలేదు. అక్కడే ఆమెకు అనుమానం తగిలింది. అంతకుముందే రెండేళ్ళుగా తేడా కనబడుతూనే ఉంది. కుక్కరు కూత వేస్తే తిరిగి చూడడు. కోడిపిల్లలు కాళ్ళకింద కీచుమంటున్నా చూసుకోడు. గిటారు వాయించేటప్పుడు దాని చెక్క కొమ్ముకు దవడ ఆనించి కళ్ళు మూసుకుంటాడు. పెళ్ళాన్ని ఏనాడైనా అంత ముద్దుగా పట్టుకున్నావా అని ఆమె దెప్పితే నవ్వేవాడు. ఒకరోజు వెనక నుంచి నాలుగుసార్లు పిలిచింది. పలకలేదు. అప్పుడర్థమైంది, ముద్దు కాదు, చెవితో కాక ఎముకతో వింటున్నాడని. నెల్లూరు పోయి చెవి చూపించుకోరాదా అని ఒక్కసారి అన్నది. మెకానిక్కే రిపేరుకు పోతే నవ్వుతారు అని దాటేశాడు. మళ్ళీ అడగడానికి ఆమెకు నోరు రాలేదు. ఊళ్ళో ఎవరికి ఏ లోపమున్నా మొహానే అనగలిగిన మనిషి, ఈ ఒక్క మాట అనలేకపోయింది.

ఇంతలో తుపాను వచ్చింది. కాలవ తెగి ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. హెబ్రోను నాలుగింటినీ మంచం మీద పెట్టి, తాను నీళ్ళలో నిలబడి మొక్కుకున్నాడు. నీళ్ళు మంచం పట్టె దాటకపోతే, కోతల పండుగకు నాలుగింట్లో మేలైనదాన్ని మందిరానికి ఇస్తానని. నీళ్ళు పట్టెకు జానెడు కింద ఆగాయి.

కోతల పండుగంటే తెలుసు కదా. తొలి పనలు, గుమ్మడికాయలు, కోళ్ళు, ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు. పెట్టేది మేలైనది అయివుండాలి. ఈ విషయంలో ఎలిశబెతు పెట్టింది పేరు. గుంపులోకెల్లా బలిసిన పుంజునే ఇస్తుంది. పోయిన ఏడాది, మందిరంలో వాయిద్యాలు చూసుకునే ఆనందబాబు తల్లి కుంటిపెట్టను తెస్తే, అందరి ముందూ అడిగేసింది: "ఆ కోడి నడిచి వచ్చిందా, మోసుకొచ్చినావా వదినా?" నవ్వనివాడు లేడు. ఆ తల్లి తల దించుకుంది.

పండుగకు ముందు శనివారం. ఎలిశబెతు వంటింట్లో పచ్చడి రుబ్బుతోంది. చేతికింద మిక్సీ ఆగిపోయింది. కరెంటు పోయింది. పక్కగదిలో గిటారు మాత్రం ఆగలేదు. యాంపు చచ్చిపోయి, వట్టి తీగలు దోమ పాడినట్టు సన్నగా పలుకుతున్నాయి. ఆమె గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

అతను కళ్ళు మూసుకుని, దవడ ఆనించి వాయిస్తూనే ఉన్నాడు. యాంపు మీది ఎర్రబల్బు మాడిపోయి ఏడాదయింది. ఊరందరివీ బాగుచేసేవాడికి ఇంట్లోది చూసే తీరిక ఎక్కడిది. ఫ్యాను తిరిగే కాలం కాదు. కరెంటు పోయిందని చెప్పడానికి అతనికేదీ లేదు, ఆమె తప్ప. గూడూరుది అయింది. బుచ్చిది అయింది. మద్రాసుదాన్ని వాయించి తల అడ్డంగా ఆడించాడు. పోర్టుది ఎత్తుకుని దవడ ఆనించాక మొహం వెలిగిపోయింది. దాని చెక్క మంచిదే, రోగమంతా తీగల కింద శబ్దం పట్టే బిళ్ళల్లో, వైర్లలో ఉంది. ఎముకకు చెక్క వినబడుతుంది గానీ వైరు వినబడదు కదా.

కళ్ళు తెరిచి గుమ్మంలో ఆమెను చూశాడు. ఎన్నడూ లేనిది అడిగాడు.

"పోర్టుదే గదా మే? నువ్వు చెప్పు. నీకెట్టుంది?"

కరెంటు లేదు బావా అంటే చాలు. పోర్టుది చిటపటమంటోంది అంటే చాలు. ఆ మొహం చూస్తూ ఆ మాట అనడమంటే, ముప్పై ఏళ్ళ నోటుబుక్కును పొయ్యిలో పెట్టమన్నట్టే అనిపించింది ఆమెకు.

"అదే బాగుండాది బావా. గంట మోగినట్టుండాది."

అతను తృప్తిగా తలూపి గుడ్డతో దాన్ని తుడవడం మొదలుపెట్టాడు. అంతలో కరెంటు వచ్చి, వంటింట్లో మిక్సీ దానంతటదే బర్రుమని లేచింది. అతను తల తిప్పలేదు.

ఆదివారం మందిరం నిండా వరి పనల వాసన. పాస్టరు మాథ్యూ అయ్యగారు కానుకల కోసం ప్రార్థన చేశారు. హెబ్రోను కొత్త చొక్కా తొడుక్కుని గిటారు తీసుకుపోయి ఆనందబాబు చేతుల్లో పెట్టాడు, వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఆనందబాబు వైరు తగిలించి తీగ మీటాడు. పెద్ద స్పీకర్లలోంచి కాగిన నూనెలో తడిచెయ్యి పెట్టినంత చిటపట. చంటిపిల్ల ఒకతె జడుసుకుని ఏడ్చింది. వైరు మార్చాడు. మళ్ళీ అదే. ఇంకోటి మార్చాడు. అయ్యగారు కానివ్వమని చేత్తో సైగ చేశారు. ఆనందబాబు ఒక్కసారి హెబ్రోను మొహం చూశాడు. పెద్దాయన్ని చిన్నబుచ్చడం ఇష్టంలేక, గిటారు శబ్దం పూర్తిగా తగ్గించేసి, డోలకుకు సరిగా వేళ్ళు మాత్రం ఆడిస్తూ నిలబడ్డాడు.

పాట అయ్యేదాకా హెబ్రోను ఆ వేళ్ళనే చూస్తూ కూర్చున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోలేదు.

ఆనందబాబు తల్లి ఎలిశబెతు పక్కకు ఒరిగి మెల్లగా అన్నది:

"నీ కోడి నడిచే వచ్చిందా వదినా?"

ఈసారి తల దించుకున్నది ఎలిశబెతు.

ఇద్దరూ కోసిన మడుల పక్క దారిన ఇంటికి నడుస్తున్నారు. హెబ్రోను ఆగి, ఆమె వైపు తిరిగి, మనసులో మాట చెప్పాడు.

"నాకు చెవులు పూర్తిగా పోయి రెండేళ్ళయింది మే. నీకు తెలిస్తే బాధపడతావని దాచినా. నువ్వు చెప్పేదంతా నీ పెదాలు చూసే తెలుసుకుంటుండా. ఊళ్ళో అందరూ గొణిగేవాళ్ళే, నువ్వొక్కదానివే నోరు బాగా తెరిచి మాట్లాడతావు."

ఆమె జారిన కొంగును భుజం మీదికి లాక్కుంది.

"అందుకే శనివారం నిన్నడిగినా. చెక్క నాకు తెలుస్తాది. వైరు సంగతి తెలవదు. ఏ కరకరన్నా ఉంటే నువ్వు మొహమాటం లేకుండా అంటావు, అరగంటలో అతుకేసేవాణ్ణి. లోకమంతా అబద్ధం చెప్పినా నీ నోరు చెప్పదు గదా." అతను నవ్వాడు. "ఇప్పుడు చెప్పు. మందిరంలో దాని గొంతు ఎట్టుంది?"

నిజం చెబితే, అంతమంది ముందు ఏమీ మోగని గిటారును చూసి తాను కళ్ళనీళ్ళు పెట్టుకున్నానని అతనికి తెలుస్తుంది. చెప్పకపోతే, దేవుడికిచ్చిన కుంటికోడి అక్కడ అలాగే ఉండిపోతుంది. రెండో అబద్ధం ఆడదామంటే, అతను నమ్ముకున్నది ఆ పెదాలనే.

ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు వస్తోంది. దుమ్ముకని ఎలిశబెతు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ట్రాక్టరు వాళ్ళను దాటి మలుపు తిరిగింది. దుమ్ము అణిగింది. హెబ్రోను ఇంకా ఆమె మొహం వంకే చూస్తున్నాడు.

ఆమె కొంగు తియ్యలేదు.